మాస్కులో ఊపిరి ఎవరిది

మెర్వ్ హాకింగ్ లారీ పట్టపగలు పదిగంటలకి, గీత గీసినట్టున్న తిన్నటి రోడ్డు మీద, ఎందుకు పక్కకి దిగిపోయిందో ఎవరికీ అంతుబట్టలేదన్న దగ్గర కదా మనం ఆగాం. ఎదురు బండి లేదు. వాన లేదు. కంగారూ అడ్డం వచ్చిన జాడ లేదు. బ్రేకు తొక్కిన మరక కూడా లేదు. మూడు పెట్టెలు తగిలించిన అంత పొడుగు లారీ, ఎవరో పిలిస్తే పలికినట్టు నెమ్మదిగా ఉప్పుపొదల్లోకి దిగి, రాళ్ళగుట్టకి కొట్టుకుని ఆగింది. అరవైనాలుగేళ్ళ మెర్వ్ అక్కడికక్కడే పోయాడు.

అంతకి ఆరు వారాల ముందే "ఇతను బండి నడపొచ్చు" అని సంతకం పెట్టింది డాక్టర్ లోర్నా ట్రెగెంజా. పోర్ట్ అగస్టాలో నిద్రజబ్బులు చూసే డాక్టరు ఆవిడొక్కతే. మెర్వ్‌ది నిద్రలో ఊపిరి ఆగిపోయే జబ్బు. రాత్రంతా మాస్కు పెట్టుకుని, మిషను ఊదే గాలితో పడుకుంటేనే పగలు మెలకువగా ఉంటాడు. పెట్టుకుంటున్నాడని మిషనే లెక్క చెప్పింది. మరి మనిషి ఎలా నిద్రపోయాడు? ఆ మాట గురువారం నాడు చావు విచారణలో ఆవిడ నిలబడి చెప్పాలి. మంగళవారం పదకొండు గంటలకి విచారణ ఆఫీసు మనిషి వచ్చి మిషను పట్టుకుపోతాడనగా, పదింటికి మెర్వ్ భార్య గ్లెనిస్ సంచీతో వచ్చి గుమ్మంలో నిలబడింది.

"ఇది ఇచ్చేసి పోదామని వచ్చా డాక్టరమ్మా," అంది.

లోర్నా లేచి ఎదురెళ్ళింది. గ్లెనిస్ సన్నటి మనిషి. ఈ ఐదు వారాల్లో ఇంకా సన్నబడింది. సంచీ బల్ల మీద పెట్టి, ముందుగా ఒక సీసా తీసింది. ఎర్రటి క్వాండాంగ్ పండ్ల జాం. తొమ్మిదేళ్ళుగా ఇక్కడికి వచ్చినప్పుడల్లా ఒక సీసా తేవడం ఆవిడకి అలవాటు. తీసి చేత్తో పట్టుకుని, ఇదెందుకు తెచ్చానా అన్నట్టు దానివంక చూసింది.

"చేతులకి తెలీదు కదమ్మా," అంది. "మనిషి పోయాడని చేతులకి ఎవరు చెప్తారు!"

గదిలో ఇంకో మనిషి మెలే. టోంగా దీవుల పిల్ల. రోగుల తలకి తీగలు అంటించేదీ, మిషన్ల లెక్కలు తీసేదీ ఆ అమ్మాయే. జాం సీసా అందుకుని, "ఆంటీ, పోయినసారి సీసా డాక్టరమ్మ నాకు చెంచాడు కూడా మిగల్చలేదు. ఇది నాది," అంది. గ్లెనిస్ నవ్వబోయింది. నవ్వు పెదాల దాకా వచ్చి వెనక్కిపోయింది.

మిషను సంచీలోంచి పైకి తీశారు. రొట్టెల డబ్బా అంత ఉంటుంది. పక్కన గోరంత కార్డు. రోజూ ఎన్ని గంటలు వాడారో, గాలి ఎంత గట్టిగా కొట్టిందో, ఊపిరి ఎన్నిసార్లు ఆగిందో అన్నీ ఆ గోరంత దాంట్లోనే ఉంటాయి. లోర్నా దాన్ని లాగి మెలేకి ఇచ్చింది.

లోర్నా ఈ పనిలోకి వచ్చి ముప్పై ఒక్క ఏళ్ళు. సిడ్నీలో కుర్రడాక్టరుగా ఉన్న రోజుల్లో మాస్కు కొనుక్కునేది కాదు. మనిషి ముక్కుకి అచ్చు తీసి పోత పోసి, రోజూ రాత్రి జిగురుపెట్టి అంటించేవాళ్ళు. పొద్దున్నే పీకితే చర్మం ఊడొచ్చేది. అయినా మొదటి రాత్రి గడిచాక ఒక ముసలి మేకలకాపరి లేచి కూర్చుని, "ఇరవయ్యేళ్ళకి ఇవాళ తెల్లారింది నాకు," అని ఏడ్చాడు. ఆ ఏడుపు చూసి లోర్నా ఇంకే వైద్యం వైపూ పోలేదు. అప్పట్నించీ ఆవిడ చూసింది ఇంతా అంతా కాదు. పడుకోగానే కాళ్ళలో చీమలు పాకినట్టుందని లేచి వరండాలో తిరిగే గొర్రెబొచ్చు కత్తిరించేవాళ్ళు, నిద్రలో నడిచి కోళ్ళగూట్లో తేలే పిల్లలు, మొగుడు పోయాక కన్ను మూతపడని ఆడవాళ్ళు, రాత్రీపగలూ షిఫ్టులు మారి ఎప్పుడు పడుకోవాలో ఒళ్ళే మరిచిపోయిన గనివాళ్ళు. నిద్ర సుఖమెరగదంటారు. ఎరిగేదీ ఎరగనిదీ ఆవిడకే తెలుసు.

ఆవిడకి ఒక మాట ఉండేది. "మనుషులు అబద్ధం చెప్తారు, మిషను చెప్పదు."

"డాక్టరమ్మా," అంది మెలే తెరవంక చూస్తూ. గొంతు మారింది. "గడియారం తప్పుందేమో దీంట్లో."

లోర్నా వంగి చూసింది. రోజుకొక గీత. పచ్చగా, పొడుగ్గా, పళ్ళు పేర్చినట్టు వరసగా ఉన్నాయి. ఏడు గంటలు. ఏడుంపావు. ఆరూముప్పావు. బండి గుట్టకి కొట్టుకున్న మంగళవారం దగ్గర గీతలు ఆగాలి. ఆగలేదు. ఆ రాత్రి ఉంది. ఆ మర్నాడు ఉంది. పాతిపెట్టిన శుక్రవారం రాత్రి కూడా ఏడుగంటల పది నిమిషాలు ఊపిరి ఉంది. నిన్న రాత్రిదాకా ఉంది.

"గడియారం చూడు," అంది లోర్నా.

"చూశా. సరిగ్గానే ఉంది."

చచ్చిపోయిన మనిషి నిన్న రాత్రి ఏడుగంటలు ఊపిరి తీశాడు. లోర్నా మెల్లిగా తల తిప్పి గ్లెనిస్ వంక చూసింది. గ్లెనిస్ ముక్కు రెండు పక్కలా, బుగ్గల మీద, సన్నగా ఎర్రటి గీతలు. మాస్కు పట్టీ ఒత్తుకున్న గీతలు. ఈ ఇరవై నిమిషాలూ ఎదురుగానే కూర్చుంది, తను చూడలేదు.

"అది నేనే," అంది గ్లెనిస్.

"ఈ ఐదు వారాలూనా?"

"ఈ ఐదు వారాలూ కాదు. మిషను ఇంటికొచ్చిన రెండేళ్ళూను."

మెలే కుర్చీలో వెనక్కి వాలి, రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది.

"మెర్వ్ ఒక్కరాత్రి కూడా పెట్టుకోలేదా?" అని లోర్నా అడిగింది.

"జబ్బు ముదిరిందని మీరు మిషను ఇచ్చాక, మొదట్లో ప్రయత్నం చేశాడు. పెట్టుకోగానే లేచి కూర్చునేవాడు. చెమటలు. ఆ మనిషికి పంతొమ్మిదేళ్ళప్పుడు గోధుమల గాదెలో పని. ఎత్తు గాదె, ఎంత గోధుమ ఉంటుందో మీకు తెలుసుగా. కింద మూత తీశారు, పైనున్న ఇద్దరూ గింజల్లోకి దిగబడిపోయారు. మెర్వ్‌ని మెడపట్టి లాగారు. రెండోవాణ్ణి లాగలేకపోయారు. ముక్కులో గింజలు, నోట్లో గింజలు. మాస్కు ముక్కుమీద పడితే చాలు, ఆ మనిషి మళ్ళీ ఆ గాదెలో ఉండేవాడు."

"నాకెందుకు చెప్పలేదు?"

"మీకా! నాకు చెప్పడానికే ఇరవయ్యేళ్ళు పట్టింది. పైకి ఎలా ఉండేవాడు? 'నా గురకకి మా కుక్క పక్కింటికి కాపురం మార్చింది డాక్టరమ్మా' అని మిమ్మల్ని నవ్వించి పోయేవాడు. మీరు నవ్వారు. అందరూ నవ్వారు."

లోర్నా నవ్వింది నిజమే.

"రోజుకి నాలుగు గంటలన్నా వాడినట్టు కార్డులో లేకపోతే లైసెన్సు పోతుందన్నారు మీరు. లారీ లేకపోతే ఆ మనిషి ఏం చేస్తాడు? పద్దెనిమిదేళ్ళకే మొదటి బండెక్కాడు, గాదె పని రెండు పంటలే, మళ్ళీ బండే. ఒకరోజు మాస్కు వంటింటి గట్టు మీద పడేసి కూర్చున్నాడు. నేను తీసి పెట్టుకు చూశా. నాకేం కాలేదు. హాయిగానే ఉంది. 'పడుకోవయ్యా, నీ ఊపిరి నేను పీలుస్తాలే,' అన్నా. తమాషాకే అన్నా. ఇద్దరం పడీపడీ నవ్వాం." గ్లెనిస్ చేతులు ఒళ్ళో నలుపుకుంది. "ఆయన నలభై గంటల దూరంలో బండిలో పడుకునేవాడు. ఆయన ఊపిరి ఇంట్లో నా దగ్గరుండేది."

"మరి ఇప్పుడెందుకు?" అని మెలే ఆపుకోలేక అడిగింది. "మావయ్య పోయాక ఎందుకాంటీ?"

"ముప్పైఎనిమిదేళ్ళు ఆ గురక పక్కన పడుకున్నానే పిల్లా. ఇల్లంతా ఇప్పుడు చెవుల్లో గుచ్చుతోంది. ఆ మిషను గాలి చప్పుడొకటే ఉంది. అది పెట్టుకుంటే ఇంకా ఆయన ఉద్యోగమే చేస్తున్నట్టుంటుంది నాకు."

లోర్నా తెర వైపు తిరిగింది. కళ్ళు చెమరిస్తే పక్కమనిషికి కనపడకూడదని తిరిగింది. తిరిగాక ఇంకోటి కనపడింది. గీతల కింద ఇంకో వరస అంకెలు. గొంతు ఎంత మూసుకుపోతే మిషను అంత గట్టిగా గాలి కొడుతుంది. మొదటిసారి ఇక్కడ పడుకోబెట్టి చూసినప్పుడు మెర్వ్ గొంతుకి పద్నాలుగు కావాల్సొచ్చింది. ఈ రెండేళ్ళూ ఆరు. చూసిన ప్రతి రాత్రీ ఆరు.

ఆ ఆరు తను ముందే చూసింది. లైసెన్సు సంతకం పెట్టే రోజు, మెర్వ్ దారిలో ఉన్నాడని ఫోన్ తెరమీదే మాట్లాడింది. గడ్డం నించి పైకే కనపడింది మనిషి. "గాలి బాగా తగ్గిందే మెర్వ్, ఒళ్ళు తగ్గించావా?" అంటే, "బీరు మానేశా డాక్టరమ్మా, గాలి తాగి బతుకుతున్నా," అన్నాడు. తూకం వెయ్యలేదు. బెల్టు చూడలేదు. 'చాలా సంతోషం' అని రాసి సంతకం పెట్టింది.

"నన్ను తిట్టండి," అంది గ్లెనిస్. "ఎదురు చూస్తున్నా. తిడతారని ఐదువారాలుగా చూస్తున్నా."

"నేను నిన్ను తిట్టడమేంటి!"

"మరి నేను తిట్టనా?" గ్లెనిస్ లేచి నిలబడింది. అంతవరకూ మీరు అన్న మనిషి ఒక్కసారిగా నువ్వులోకి దిగింది. "తొమ్మిదేళ్ళ కింద మొదటిసారి వచ్చినప్పుడు ఆయన్ని బయట కూర్చోబెట్టి నన్ను లోపలికి పిలిచావు. పచ్చకాగితం తీశావు. పద్దెనిమిది ప్రశ్నలు. గురక ఎలా ఉంటుంది, మధ్యలో ఆగుతుందా, ఆగితే నువ్వేం చేస్తావు, తట్టి లేపుతావా, భయమేస్తుందా. నా జీవితంలో నాకు భయమేస్తుందా అని అడిగిన మొదటి మనిషివి నువ్వే! 'నిద్రపోయేవాడికి తన నిద్ర తెలీదు గ్లెనిస్, పక్కనున్నదానివి నువ్వే సాక్షి,' అన్నావు. ఇంటికెళ్ళి మా చెల్లికి గొప్పగా చెప్పుకున్నా. ఆ తర్వాత కార్డులొచ్చాయి. మళ్ళీ నన్నెప్పుడన్నా పిలిచావా? ఏడాదికోసారి వచ్చి బయట ఆ నీలం కుర్చీలో జాం సీసా పట్టుకు కూర్చునేదాన్ని. పిలిస్తే నీ మొహం చూసి నేను అబద్ధం చెప్పగలనా? చెప్పలేను. చెప్పలేనని నాకు తెలుసు, మెర్వ్‌కీ తెలుసు. తలుపు తెరుచుకున్నప్పుడల్లా పిలుస్తావేమోనని గుండె దడదడలాడేది. పిలవకపోతే హమ్మయ్య అనుకునేదాన్ని. ఇంటికెళ్ళి ఏడ్చేదాన్ని."

ఆ పచ్చకాగితం లోర్నా స్వయంగా రాసుకున్నది. పాతరోజుల్లో కుర్రడాక్టర్లకి అదే నేర్పేది. కార్డులొచ్చాక, మనిషికి అరగంట పట్టే పని మిషను అరనిమిషంలో చేస్తోంది కదా అని కట్ట తీసి అలమారా అడుగున పెట్టింది. మిషను అబద్ధం చెప్పలేదు. ఒక మనిషి ఏడుగంటలు పడుకుందంది, పడుకుంది. ఎవరు అని తనే అడగలేదు.

గోడగడియారం పదిన్నర కొట్టింది.

గ్లెనిస్ కూర్చుంది. కోపం ఎలా వచ్చిందో అలాగే పోయి, మళ్ళీ చిన్నదైపోయింది. "డాక్టరమ్మా, అది తుడిచెయ్యండి. మీ కాళ్ళు పట్టుకుంటా. గురువారం ఇదంతా చదువుతారు. పేపర్లో వేస్తారు. మెర్వ్ హాకింగ్ మోసగాడు, పెళ్ళాం ఊపిరితో లైసెన్సు తెచ్చుకున్నాడు అని. మా మనవరాలికి పదేళ్ళు, చదవడం వచ్చు. నన్ను జైల్లో వేసినా సరే. ఆ మనిషి పేరు మీద బురద పడనివ్వకండి."

మెలే డాక్టరువంక చూసింది. "రెండు నొక్కులు," అంది గొంతు తగ్గించి. "కార్డు చెడిపోయిందని చెప్తే... చెడిపోతూనే ఉంటాయిగా."

లోర్నా ఆలోచించలేదంటే అబద్ధం. ఆలోచించింది. కార్డు లేకపోతే మెర్వ్‌కి మచ్చ లేదు. గ్లెనిస్‌కి కేసు లేదు. తనకీ లేదు. ఆ ఆరు అంకె ఎవరూ చూడరు. ముప్పై ఒక్క ఏళ్ళ పేరు అలాగే ఉంటుంది. మెలే పక్కకి జరిగింది. లోర్నా వచ్చి ఆ కుర్చీలో కూర్చుని, చెయ్యి చాపింది. తెరమీద ఒక రాత్రి గీత కంటపడి, చాపిన చెయ్యి చాపినట్టే ఆగింది.

"గ్లెనిస్, బండి గుట్టకి కొట్టుకున్న ముందురోజు రాత్రి నువ్వు ఇంట్లో ఉన్నావా? సోమవారం రాత్రి?"

గ్లెనిస్ మొహం పాలిపోయింది. "లేను. వాలరూలో మా చెల్లింటికి పోయా. పోట్లాడుకున్నాం. నాకు ముక్కు పుండుపడింది, జలుబు. ఆయన భోజనం ముందు కూర్చుని, 'ఇవాళ త్వరగా పెట్టుకో, గంటలు తగ్గుతున్నాయి,' అన్నాడు. ఒళ్ళు మండింది. 'నీ ఊపిరి ఇంక నేను పీల్చను. నీది నువ్వే పీల్చుకో,' అని కారు తీసుకుని పోయా. ఆ ఒక్క రాత్రీ ఖాళీ ఉంటుంది. అదేగా మీకు కనపడింది?"

"ఖాళీ లేదు," అంది లోర్నా.

తెర గ్లెనిస్ వైపు తిప్పింది. ఆ రాత్రి మిగతా రాత్రుల్లా పొడుగు గీత కాదు. ముక్కలు ముక్కలు. తొమ్మిదీనలభైకి నాలుగు నిమిషాలు. ఆగింది. పదింటికి రెండు నిమిషాలు. ఆగింది. పదిన్నరకి పదకొండు నిమిషాలు. మళ్ళీ, మళ్ళీ, మళ్ళీ. లోర్నా వేలు పెట్టి లెక్కపెట్టింది. పద్నాలుగుసార్లు పెట్టుకున్నాడు. పదమూడుసార్లు పీకేశాడు. పద్నాలుగోసారి మూడుగంటల పన్నెండు నిమిషాలకి పెట్టుకున్నాడు. ఆ గీత తెగలేదు. ఐదున్నరదాకా తిన్నగా పోయింది. దాని కింద గాలి అంకె ఆరు కాదు.

"పద్నాలుగు," అంది మెలే. ఆ పిల్ల ఏడుస్తోంది. "ఇది మావయ్యే. మావయ్య గొంతే ఇది."

గ్లెనిస్ దగ్గరికొచ్చి తెరమీద ఆ గీతని వేలితో తాకింది. మొదలునించి చివరిదాకా మెల్లిగా, పడుకున్న మనిషి నుదురు నిమిరినట్టు నిమిరింది.

"రాత్రంతా ఆ గాదెలోకి దిగుతూనే ఉన్నాడు," అంది. "దిగడం, ఎక్కడం. దిగడం, ఎక్కడం. ఒక్కడే. నేనన్న మాటకి."

అనాల్సిందేదో ఇద్దరికీ తెలుసు. ఎప్పటిలా వదిలేసి పడుకుంటే, గురకో గుర్రో పెట్టి ఏడుగంటలు పడుకునేవాడు. మాస్కుతో యుద్ధం చేసి, రెండుంపావు గంటల నిద్రతో బండెక్కాడు. జీవితంలో మొదటిసారి సరైన పని చేసినవాణ్ణి ఆ పనే తీసుకుపోయింది. ఆ మాట భార్యతో అనడానికి ఏ డాక్టరు నోరు తెరుస్తాడు?

"తుడవొద్దు," అంది గ్లెనిస్.

"తుడవకపోతే అన్నీ బయటికొస్తాయి. రెండేళ్ళదీను. నువ్వు చెప్పాలి. నేనూ చెప్పాలి, నేను అడగలేదని."

"రానివ్వండి. మోసం చేశాడంటే అననివ్వండి. ఇది కూడా ఉందిగా? తుడిచేస్తే ఈ రాత్రీ పోతుంది. ఈ ఒక్కటే కదమ్మా ఆయనది!"

లోర్నా లేచింది. కార్డు తీసి కవరులో పెట్టి, పైన తేదీ రాసి, తన పేరు రాసింది. తర్వాత అలమారా దగ్గర మోకాళ్ళమీద కూర్చుంది. అడుగు అరలోంచి కట్ట లాగింది. పైకాగితం ఎండకి పాలిపోయింది, కిందిది పచ్చగానే ఉంది. ఒకటి తీసి, దుమ్ము దులిపి, కుర్చీ గ్లెనిస్‌కి ఎదురుగా, మోకాళ్ళు తగిలేంత దగ్గరగా లాక్కుంది.

"తొమ్మిదేళ్ళు ఆలస్యమైంది," అంది. "మొదటి ప్రశ్న. ఆ మనిషి నిద్రపోయేటప్పుడు నీకేం వినిపిస్తుంది?"

బయట వాకిట్లో కారు ఆగిన చప్పుడైంది. మెలే కిటికీలోంచి చూసి, "వచ్చాడు. విచారణ ఆఫీసాయన. ముందే వచ్చేశాడు," అంది.

"కూర్చోమను. నీలం కుర్చీలో," అంది లోర్నా, తల తిప్పకుండా.

గ్లెనిస్ సంచీ అడుగునించి ఫోను తీసి, కాగితం మీద పెట్టింది. "విన్నది కాదు డాక్టరమ్మా, విననిది ఒకటుంది. ఆ రాత్రి మూడుగంటల పంతొమ్మిది నిమిషాలకి ఫోన్ చేశాడు. ఎత్తలేదు. పొద్దున చూశా, సందేశం పెట్టాడు. తిట్టుంటాడులే, సాయంత్రం వింటాలే అనుకున్నా. మధ్యాహ్నం పోలీసులొచ్చారు. ఇక వినలేకపోయా. మూడూ పంతొమ్మిది. ఆ గీత మొదలైంది మూడూ పన్నెండు. ఈ ఏడు నిమిషాల్లో ఏం జరిగింది?"

ఆవిడ వేలు సందేశం మీదికి పోయి ఆగింది. లోర్నా ఆ చేతిని తన చేతిలోకి తీసుకుని, ఇద్దరి వేళ్ళతో కలిపి నొక్కింది.

ముందు మాట లేదు. గాలి. మిషను ఊదే గాలి, సముద్రం దూరంగా ఒడ్డు తాకుతున్నట్టు. గ్లెనిస్ కళ్ళు మూసుకుంది. తర్వాత ఎవరో గొంతు సవరించుకున్నారు.

"గ్లెన్... నేనే. ఇది మొహంమీద ఉండగానే మాట్లాడుతున్నా, నవ్వకు. పదమూడుసార్లు పీకేశా. ఈసారి మాత్రం భయం లేదే. ఎందుకో చెప్తా. ఆ గాదెలో రెండోవాడి గురించి నీకు చెప్పింది నిజం కాదు. వాణ్ణి లాగలేకపోవడం కాదు గ్లెన్, వాడు నా కాలు పట్టుకున్నాడు. నేను..."